మారు వడ్డన

"ఇంకేమైనా కావాలా?" అని నన్నెవరూ అడగకూడదు. అడిగితే నాకు ఒళ్ళు మంట. కావాలో అక్కర్లేదో కంచం చూస్తే తెలియదా? అన్నం పెట్టే మనిషికి కళ్ళుండాలి గానీ ప్రశ్నలెందుకు? మంగళగిరిలో ముప్ఫై ఐదేళ్ళుగా చీరలమ్ముతున్నాను. కొట్టులోకొచ్చిన ఏ ఆడమనిషినీ ఏం కావాలమ్మా అని అడిగి ఎరగను. మొహం చూసి, చీర తీసి, ఒళ్ళో వేస్తాను. ఎప్పుడైనా తప్పుతానేమో గానీ, నూటికి తొంభైసార్లు ఆ చీరే పట్టుకెళతారు.

ఆ మంగళవారం మధ్యాహ్నం గఫూర్ నన్ను ఆ ప్రశ్నే అడిగాడు. అదీ చేతులకి నల్ల గ్లౌజులు తొడుక్కుని, రెండడుగుల దూరంలో నిలబడి, "ఇంకేమైనా కావాలా మేడమ్" అన్నాడు. రెండేళ్ళుగా ఆంటీ అని పిలిచే కుర్రాడు ఉన్నట్టుండి మేడమ్ అంటే ఎవరికి మాత్రం మండదు?

గఫూర్ ఎవరో ముందు చెప్పాలి. మా కొట్టుకి నాలుగు షాపుల అవతల, సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు మేడమీద, ఏడు బల్లల ఇటలీ హోటలు వాడిది. హైదరాబాదులో ఏదో పెద్ద హోటల్లో తొమ్మిదేళ్ళు ఇటలీ వంటలు వండాడు. ఇక్కడ ఆఫీసులు పెరుగుతున్నాయని వచ్చి సొంతంగా పెట్టుకున్నాడు. పేరు 'నోన్నా'. అంటే ఆ దేశం వాళ్ళ భాషలో నానమ్మట. బోర్డు మీద తెల్లజుట్టు ముసలమ్మ బొమ్మ, చేతిలో అప్పడాల కర్ర. బల్లల మీద ఎర్ర గళ్ళ గుడ్డలు పరవడం అక్కడి ఆనవాయితీ అన్నాడు. ఆ గుడ్డలు నేనే మగ్గం మీద నేయించి ఇచ్చాను. ఇటలీలో వాటికి మా మంగళగిరి చీరల నిజాం అంచు ఉంటుందో లేదో నాకు తెలీదు. వీడి బల్లలకి మాత్రం ఉంది.

తెరిచిన రోజు మొహమాటానికి వెళ్ళాను. పాస్తా అని తెచ్చి పెట్టారు. చూద్దును కదా, గవ్వలు! మనం బెల్లం పాకంలో వేసుకునే గవ్వలే. కాకపోతే నూనెలో వేయించకుండా నీళ్ళల్లో ఉడకబెట్టి, టమాటా గుజ్జు, వెల్లుల్లి, వేగిన ఎండు మిరపకాయ తగిలించారు. ఫోర్కు పక్కన పడేసి చేత్తో తిన్నాను. రెండో ముద్దకే తెలిసిపోయింది, ఇది హైదరాబాదు హోటలు నేర్పిన చెయ్యి కాదని.

ఆ చెయ్యి వాళ్ళమ్మ నసీమున్నీసాది. పొన్నూరు మనిషి. భర్త పెళ్ళిళ్ళకి వంటలు చేసేవాడట, ఈవిడ ఆడవాళ్ళ బంతిలో వడ్డించేదట, ఒకటీ రెండూ కాదు, ముప్ఫై ఏళ్ళు. ఆయన పోయాక కొడుకు దగ్గరికి వచ్చింది. పాస్తా నొక్కడానికి గీతల చెక్క ఒకటి ఇటలీ నుంచి తెప్పిస్తానని కొడుకు అంటే, "ఇది మన గవ్వల చెక్కేగా, దీనికి ఇటలీ దాకా ఎందుకురా" అని పొన్నూరు ఇంట్లో అటక మీదున్న తన చెక్క తెచ్చుకుంది. దాని మీద బొటనవేలితో టకటకా నొక్కుతుంటే చూసి తీరాలి. నాకంటే మూడేళ్ళు పెద్దది. నేను నసీమక్కా అంటాను, ఆవిడ మల్లేశ్వరీ అంటుంది.

ఏడు బల్లలకీ వడ్డన ఆవిడదే. గిన్నె చంకన పెట్టుకుని, గరిటె పట్టుకుని, బల్లబల్లకీ తిరిగేది. ఇటలీ పద్ధతి ప్రకారం ఎవరి ప్లేటు వాళ్ళకి కొలిచి పెట్టాలట. ఆ పద్ధతి వారం రోజులైనా నిలవలేదు.

మా వైపు వడ్డనకి వేరే పద్ధతి ఉంది. పెట్టేవాళ్ళు మారు తెస్తారు. తినేవాళ్ళు వద్దంటారు. మామూలుగా అనరు, కేకలు పెడతారు. కంచానికి అడ్డంగా చెయ్యి పెడతారు. అయినా పెట్టేవాళ్ళు ఆగరు, వేళ్ళ సందుల్లోంచే వడ్డిస్తారు. చంపేస్తారా ఏంటి అని ఇంకో కేక పెట్టి, పెట్టిందంతా తింటారు. నిజంగా కడుపు నిండినవాడు అరవడు. వాడు మంచినీళ్ళు తాగేసి కంచం ముందుకి జరుపుతాడు. ఆ తేడా బడికి వెళ్ళని పిల్లకి కూడా తెలుసు. ఇక మారు కావాలని నోరు తెరిచి అడగడమా? అంతకన్నా సిగ్గుమాలిన పని ఇంకోటి లేదు. నాకు ఊహ తెలిశాక మా అమ్మ నేర్పిన మొదటి మర్యాద అది. అరవయ్యొక్కేళ్ళు వచ్చాయి, ఎవరింట్లోనూ అడిగి వడ్డించుకోలేదు.

అందుకే ఆ మేడ మీద అంత సందడి. ఆఫీసు పిల్లలు నెల తిరక్కుండా నేర్చేసుకున్నారు. ఒక మూల వద్దు వద్దని కేకలు, ఇంకో మూల నవ్వులు, వంటింట్లో చెక్క మీద టకటకలు, కింద సెల్‌ఫోన్ షాపులో పాటలు. మంగళవారం నా కొట్టుకి సెలవు. రెండేళ్ళలో ఊళ్ళో ఉండి ఏ మంగళవారమూ ఆ భోజనం తప్పలేదు. దాచుకోవడమెందుకు, మా ఆయన శ్రీమన్నారాయణ పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో నాకు నేనే వడ్డించుకుంటాను. గరిటె కూడా నా చేతిలోనే ఉంటే, వద్దు అని ఎవరితో అనను?

మొన్న చేనేత ఎగ్జిబిషన్‌కని విశాఖపట్నం వెళ్ళి, మూడు వారాలుండి వచ్చాను. వచ్చిన మర్నాడే మంగళవారం. ఒంటిగంటకి మెట్లెక్కాను. ఎక్కుతుంటేనే ఏదో తేడా. చప్పుడు లేదు. చావు జరిగిన ఇంటికొచ్చానా అనుకున్నాను.

మూడు బల్లల దగ్గరే మనుషులున్నారు. ఒక బల్ల దగ్గర నలుగురు ఆఫీసు పిల్లలు, ఇంకో బల్ల దగ్గర ఇద్దరు ఫోర్కులు పట్టుకుని గుసగుసలాడుతున్నారు. కిటికీ పక్కన భార్యాభర్తలిద్దరు, పెద్దవాళ్ళు. అద్దంకి నుంచి పెళ్ళి చీరలకొచ్చారట, పొద్దున మా పక్క కొట్టులో చూశాను. గోడ మీద కొత్త కాగితం అంటించి ఉంది. 'మీ అనుమతి లేకుండా మీకు ఏదీ వడ్డించబడదు.' భోజనం దగ్గర అనుమతేమిటి? ఇది హోటలా, కలెక్టరాఫీసా?

గఫూర్ తెల్ల ప్లేటు తెచ్చి పెట్టాడు. అందులో గవ్వలు నడిమధ్యన చిన్న గుట్టగా పోసి ఉన్నాయి. తిన్నాను. రుచి మాత్రం ఆ రుచే. తిని, కంచంలో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. వంటింటి గుమ్మానికి కొత్తగా కర్టెన్ వేలాడుతోంది. చివరికి వీడొచ్చి ఆ ప్రశ్న అడిగాడు.

"మీ అమ్మేదిరా?" అన్నాను.

"లోపలుంది ఆంటీ." మేడమ్ పోయి ఆంటీ వచ్చింది, అంతవరకు నయం.

"ఒంట్లో బాగాలేదా?"

"బానే ఉంది. హాల్లోకి రావట్లేదు అంతే." కర్టెన్ వైపు చూసి, "రెండున్నర బస్సుకి పొన్నూరు వెళ్ళిపోతోంది. వాళ్ళ చెల్లెలు కరీమున్ ఖాలా ఇంట్లో ఉంటానంటోంది. ఇంక రాదట" అన్నాడు.

"వెళ్ళిపోతోందా? నువ్వు పంపించేస్తున్నావా?"

"అదేంటాంటీ! వంటింట్లో ఉండి వండమ్మీ, వడ్డన నేను చూసుకుంటా అన్నాను. తిన్నారో లేదో చూడకుండా నేను వండలేనురా అంది. అంతే, మూట కట్టుకుంది."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "అసలు వడ్డించొద్దని చెప్పడానికి నీకు నోరెలా వచ్చిందిరా?"

వాడు తలొంచుకుని చెప్పుకొచ్చాడు. ఇక్కడికొచ్చే ఒక ఆఫీసు పిల్ల, నసీమక్క వడ్డన చూసి ముచ్చటేసి, వీడియో తీసి పెట్టిందట. నిమిషం వీడియో. ఎవడో దాన్ని కోసి, పన్నెండు సెకన్లు మిగిల్చి, మళ్ళీ పెట్టాడట. అందులో తినే మనిషి వద్దు మొర్రో అని అరుస్తుంటే ఈవిడ బలవంతంగా వేస్తోందట. అది ఊరూరా తిరిగింది. హోటల్ని తిట్టని వాళ్ళు లేరు. రోజూ వచ్చే ఆఫీసువాళ్ళు సగానికి సగం మానేశారు.

"ఎవరా అరిచింది?" అన్నాను. "అన్నం పెట్టే చేతి మీద అరిచే ఆ తిన్నదరగని మనిషెవరు? తినడం చేతకాకపోతే ఇంట్లో కూర్చోవాలి. ఒక ఆడమనిషి నిలబడి వడ్డిస్తుంటే వీధికెక్కి రాద్ధాంతం చెయ్యడానికి సిగ్గుండాలి. ఏదీ, చూపించు. మన ఊరి మనిషే అయితే ఇప్పుడే వెళ్ళి కడిగిపారేసి వస్తాను."

"వద్దులే ఆంటీ."

"చూపించమంటున్నానా?"

గ్లౌజు తీసి, జేబులోంచి ఫోను తీసి, నా ముందు పెట్టాడు.

ఆకుపచ్చ చీర, మామిడిపిందెల అంచు. నా చీర. కంచానికి అడ్డంగా పెట్టిన చెయ్యి, ఆ చేతికి నా గాజులు. ఆ పైన నా మొహం, కళ్ళు ఇంతింత చేసుకుని, నోరు తెరుచుకుని. "వద్దంటే వినవేం! చంపేస్తావా నన్ను! తియ్యి, తియ్యి!" నసీమక్క గరిటె వేళ్ళ సందుల్లో వంగింది. అంతే, అయిపోయింది. మళ్ళీ మొదలైంది. చంపేస్తావా నన్ను!

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు గుర్తుంది. నేను పగలబడి నవ్వాను. ఆవిడ నా వీపు మీద ఒక్కటేసింది. ప్లేటు అద్దంలా అయ్యేదాకా వేలితో తుడుచుకు తిన్నాను. అదంతా కోసేశాడు ఆ దౌర్భాగ్యుడు. విశాఖలో ఇద్దరు కాలేజీ పిల్లలు నన్ను చూసి మోచేతులతో పొడుచుకుంటుంటే, చీర బాగుందనుకుంటున్నారేమోనని మురిసిపోయాను కూడా.

కింద జనం రాసినవి గఫూర్ చదవనన్నాడు. నేనే చదివాను. 'మనిషి ఇష్టం కనుక్కోవడం తెలీదా?' 'ఆ ముసలమ్మని ముందు అక్కణ్ణించి పంపించండి.' 'పాపం ఆ పెద్దావిడ.'

పాపం పెద్దావిడా! నేనా! నా తరఫున కోప్పడమని వీళ్ళనెవరు పిలిచారు? నా కోపం నేను పడలేనా? ఊరి పేరు కూడా తెలియని వాళ్ళు, ఒక్క మెతుకు వడ్డించి ఎరగని వాళ్ళు, నా మీద జాలితో నా అక్కని వెళ్ళగొడతారా?

"నాకు ఫోను చెయ్యలేదేంరా? ఒక్క మాట చెబితే నేనే ఇంకో వీడియో పెట్టించి వాళ్ళ నోళ్ళు మూయించేదాన్ని కదా!"

గఫూర్ నా కళ్ళల్లోకి చూడలేదు. "చేద్దామనే ఫోను తీశాను ఆంటీ. అమ్మీ వద్దంది. ఆ వీడియో పదిసార్లు చూసింది. 'మల్లేశ్వరి నిజంగానే వద్దంటోందేమోరా. రెండేళ్ళూ మొహమాటానికి ఊరుకుందేమో, నాకే తెలియలేదేమో' అంది."

నాకు తల కొట్టేసినట్టయింది. ఊళ్ళో వాళ్ళు తిడితే ఆవిడ లెక్కచేసే మనిషి కాదు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది నా కేక నమ్మి.

ఆ ఉక్రోషంతో గఫూర్ మీదే పడ్డాను. "బోర్డు మీద ఎవరి నానమ్మనో కూర్చోబెట్టుకుని, సొంత అమ్మని కర్టెన్ వెనక దాస్తావా? ఆ బొమ్మ వడ్డిస్తుందా ఈ జనానికి?"

"నేనేం చెయ్యనాంటీ?" వాడి గొంతు కూడా లేచింది. "ఆ వీడియో పక్కన నిలబడి, ఇది మా పద్ధతండీ, కోపం కాదండీ అని ఎంతమందికి చెప్పను? హోటలు మూసేస్తే అమ్మీ ఎవరికి వడ్డిస్తుంది?"

వాడి మాటలో న్యాయం లేకపోలేదు. ఉన్నందుకు ఇంకా మండింది.

"సరే. మీ అమ్మ వచ్చి మారు వడ్డించేదాకా నేను చెయ్యి కడగను. బల్ల దగ్గర్నించి లేవను."

"ఆంటీ, బస్సు రెండున్నరకి..."

"చెయ్యి ఎండిపోతోందని చెప్పు మీ అమ్మకి." గుమ్మం వైపు తిరిగి నేనే అరిచాను. "నసీమక్కా! చెయ్యి ఎండిపోతోంది ఇక్కడ!"

లోపల చెక్క మీద టకటక ఆగింది. రెండు క్షణాలు. మళ్ళీ మొదలైంది.

అద్దంకి ఆయన తినడం అయిపోయి లేవబోతున్నాడు. నా ఎంగిలి చెయ్యి చూసి మళ్ళీ కూర్చున్నాడు. భార్యని కూడా కూర్చోమని సైగ చేశాడు. వాళ్ళకి వీడియో గురించి తెలీదు, గొడవేమిటో తెలీదు. బంతిలో ఒకళ్ళ చెయ్యి కంచంలో ఉండగా మిగతావాళ్ళు లేవకూడదు, అది మాత్రం తెలుసు. అది చూసి ఆఫీసు పిల్లలు కూడా ఆగిపోయారు. గుసగుసల జంట మాత్రం దారి చూసుకున్నారు.

గడియారం రెండు దాటింది. వేళ్ళ మీద టమాటా నిజంగానే ఎండి బిగుసుకుంది. అప్పుడు కర్టెన్ కదిలింది. నసీమక్క వచ్చింది. బయటికెళ్ళే చీర కట్టుకుంది. చంకన గిన్నె లేదు, దాన్ని రెండు చేతులతో ముందుకి పట్టుకుంది. నా బల్లకి రెండడుగుల దూరంలో ఆగింది.

"ఇంకొంచెం వెయ్యమంటారా, మల్లేశ్వరి గారూ?"

గారూ! రెండు చెంపలూ వాయించినా అంత బాధ కలిగేది కాదు. అయినా నాకు బుద్ధి రాలేదు. పాతరోజుల్లాగే ఓ కేక పెడితే అంతా సర్దుకుంటుందనుకున్నాను. కంచానికి చెయ్యి అడ్డం పెట్టి, "వద్దు వద్దు! చంపేస్తావా నన్ను!" అని మేడ ఎగిరిపోయేలా అరిచాను.

ఆవిడ ఎత్తిన గరిటె గాల్లోనే ఆగింది. మెల్లగా గిన్నెలోకి తిరిగి వెళ్ళింది.

"సరేనండి" అని వెనక్కి తిరిగింది.

ముప్ఫై ఏళ్ళలో ఎన్ని వందల చేతులు ఆవిడకి అడ్డం పెట్టి ఉంటారు! ఒక్క దానికీ ఆగి ఉండదు. ఇవాళ నా చేతికి ఆగింది. అడ్డం పెట్టిన ఆ చెయ్యిని ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు. బస్సుకింకా ఇరవై నిమిషాలుంది. మా అమ్మ నేర్పిన మర్యాద పట్టుకుని కూర్చుంటే ఆవిడ ఆ మెట్లు దిగిపోతుంది. ఆ ఒక్క సంగతి మాత్రం బాగా తెలిసింది.

చెయ్యి తీసేశాను.

"నసీమక్కా, నాకు కావాలి."

ఆవిడ ఇటు తిరిగింది. "ఏమన్నారు?"

"మారు కావాలన్నాను. ఆకలేస్తోంది. అడుగుతున్నాను, పెట్టు." మొహం వేడెక్కిపోయింది. ఎనిమిది మంది చూస్తుండగా ముష్టి అడుక్కున్నట్టుంది నాకు. ఆఫీసు పిల్లల్లో ఒకమ్మాయి చెయ్యి ఫోను మీదికి వెళ్ళి ఆగింది. "తియ్యవమ్మా, తియ్యి," అన్నాను, "ఈసారి ఎవడూ కొయ్యడానికి వీల్లేకుండా తియ్యి."

నసీమక్క దగ్గరికొచ్చింది. ఒక గరిటె వేసింది. నా మొహంలోకి చూసింది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. రెండోది వేసింది. చూసింది. మూడోది. నాలుగోది. చాలనలేదు. ఐదోదానికి గవ్వలు ప్లేటు దాటి నేను నేయించిన ఎర్ర గళ్ళ గుడ్డ మీద పడ్డాయి. నేను చాలనలేదు. ఆవిడ కూడా ఆపలేదు. ఇద్దరికీ పంతమే.

చివరికి గిన్నె బల్ల మీద పెట్టి, ఆవిడే నా కంచానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"చాలే మల్లేశ్వరీ! చస్తావే!"

"చాలనడానికి నువ్వెవరు?" అని గిన్నెలో గరిటె ఎడం చేత్తో లాక్కుని, ఆవిడ వేళ్ళ సందుల్లోంచే ఇంకో గరిటె వేసుకున్నాను.

"ఒసేయ్, కాలుతోందే!" అని కేక పెట్టి, అదే చేత్తో నా వీపు మీద ఒక్కటేసింది. జాకెట్టుకంతా టమాటా అంటుకుంది. ఇద్దరం ఏడుస్తున్నామో నవ్వుతున్నామో ఆ ఫోనులో చూసిన వాళ్ళే చెప్పాలి.

తర్వాత ఆవిడ గిన్నె చంకన పెట్టుకుని కిటికీ బల్ల వైపు వెళ్ళింది. అద్దంకి ఆయన వస్తున్న గరిటెని చూడగానే కంచానికి చెయ్యి అడ్డం పెట్టి, "వద్దమ్మా తల్లీ, వద్దే వద్దు!" అని గొంతు చించుకున్నాడు.

నసీమక్క ఒక్క క్షణం నిలబడింది. నా వైపు తిరిగి చూడలేదు. వేళ్ళ సందుల్లోంచి వడ్డించింది.

గఫూర్ గోడ మీది కాగితం పీకుతున్నాడు. పొన్నూరు బస్సు కింద రోడ్డు మీద హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. నా ముందు మాత్రం ఆరు గరిటెల గవ్వలున్నాయి. ఆ పన్నెండు సెకన్లు కోసినవాడిని మనసారా తిట్టుకుంటూ, ఒక్కటీ వదలకుండా తిన్నాను.